చలికాలం దాటిన పూలపెట్ట

ఒకప్పుడు పెట్టలు అరిచేవి కావు.

నిజం! ఇప్పుడు గుడ్డు పెట్టగానే వీధంతా వినపడేలా గోల చేసే ఈ పెట్టలే, ఆ రోజుల్లో గొంతు పెంచేవి కావు. మాట్లాడేవి, కాదనను. కానీ అంతా గుసగుసే. కోడి మాట వినాలంటే మనిషి వంగి, చెవి దాని ముక్కు దగ్గర పెట్టాలి. గుడ్డు పెట్టేటప్పుడు ఆ గుసగుస కూడా ఉండేది కాదు. చప్పుడు లేకుండా గడ్డిలో కూర్చునేవి. గుడ్డు పెట్టేవి. లేచి, రెక్కలు దులుపుకుని, తమకేమీ తెలియనట్టు వెళ్లిపోయేవి.

పైగా ఏడాది పొడవునా పెట్టేవి. ఎండా, వానా, చలీ ఏదీ చూసేవి కావు.

ఇంకో వింత చెప్పనా? కొండల మీది ఊళ్లలో ఏ కోడీ రెండో ఎండాకాలం చూసేది కాదు! ఎండల్లో పిల్లగా వచ్చేది, వానల్లో పెరిగేది, చలికాలంలో ఒక తెల్లవారుజామున కాళ్లు చాపి పడి ఉండేది. ఎందుకో ఎవరికీ తెలీదు. "కోడి కదా, చలి దాటదు" అనేవాళ్లు జనం. అందుకే వానలు వెనకబడగానే ఉన్నవాటిని కోసుకుని తినేసేవాళ్లు. ఎండలు రాగానే కొండ దిగి, కింది ఊళ్లనుంచి కొత్త పిల్లల్ని గంపలో పెట్టుకుని తెచ్చుకునేవాళ్లు.

ఆ కొండల్లో తుమ్మెదల గరువు అని ఒక ఊరు. ఆ ఊరికి కొత్త కోడలిగా వచ్చింది బుద్రి. ఆమె మొగుడి పేరు గాసి. మంచివాడే, కానీ తిండి దగ్గర మాత్రం ఆగలేడు.

ఆ ఎండాకాలం బుద్రి కూడా కొండ దిగి గంపెడు కోడిపిల్లల్ని తెచ్చుకుంది. పైకి ఎక్కుతుంటే దారిలో వాన పట్టుకుంది. గంప తడిసిపోతోంది. బుద్రి ఏం చేసింది? పిల్లలన్నిటినీ కొంగులో మూటకట్టి, పొట్టకు ఆనించుకుని, వంగి నడుస్తూ ఇల్లు చేరింది. తను నిలువునా తడిసింది. పిల్లల మీద ఒక్క చుక్క పడలేదు.

ఆ పిల్లల్లో ఒకదాని ఒంటి నిండా తెల్లటి మచ్చలు, పువ్వులు చల్లినట్టు. దానికి పూల అని పేరు పెట్టింది. పూల పెరిగి పూలపెట్ట అయింది. మిగతా పెట్టలన్నీ దాని వెనకే తిరిగేవి. పుంజు కూడా దాని వెనకే తిరిగేది, తానే ముందు నడుస్తున్నట్టు మెడ ఎత్తుకుని.

వానలు ఆగాయి. ఊళ్లో పొయ్యిల మీద కోడికూర ఉడకడం మొదలైంది.

గాసి ఆ వాసన పీలుస్తూ ఇంటికొచ్చాడు. "ఏమే బుద్రీ, అందరూ కోసేసుకుంటున్నారు. మనమూ కానిద్దామా?"

"కొయ్యను మావా."

"కొయ్యకపోతే ఎలాగూ చలికి పోతాయే!"

"పోవు. నేను చలి దాటిస్తాను."

గాసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "చలి అంటే కొండగెడ్డ అనుకున్నావా, చెయ్యి పట్టుకుని అవతలి గట్టుకి దాటించడానికి?"

"చూస్తూ ఉండు" అంది బుద్రి.

ఈ మాట కొండ మీద కూర్చున్న ఒకాయన చెవిన పడింది. ఆయన పేరు చలి.

చలి ఎలా ఉంటాడంటారా? తాటిచెట్టంత పొడుగు. ఎముకల గూడులాంటి ఒళ్లు. తెల్లటి గడ్డం. భుజం మీద మంచు దుప్పటి. ఏడాదిలో సగం రోజులు కొండకొమ్మున నిద్రపోతాడు. వానలు వెళ్లాక లేచి, ఒళ్లు విరుచుకుని, ఒక్కో అడుగే వేస్తూ ఊళ్లోకి దిగుతాడు.

మర్నాడు తెల్లవారేసరికి బుద్రి కంచె మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు.

"ఏమ్మా కొత్త కోడలా! నా కోళ్లు బాగున్నాయా?"

"నీ కోళ్లేమిటి తాతా? ఇవి నావి."

"ఇప్పటికి నీవే. ఇంకాస్త ఆగితే నావి. ప్రతి ఏడూ జరిగేదే కదమ్మా!"

"ఈ ఏడు జరగదు!" అంది బుద్రి.

చలి గడ్డం నిమురుకున్నాడు. చాలా కాలంగా ఆయనకు ఎవరూ ఎదురు చెప్పలేదు. "అలాగా? చూద్దాం మరి!" అన్నాడు హుషారుగా.

చూద్దాం అంటే చూద్దాం! బుద్రి కొంగు బిగించింది. గాసిని వెదురుకి తరిమింది. వెదురు కొట్టారు, తడికలు అల్లారు, మట్టి పిసికారు. పెరటి మూల కోళ్లకు గూడు లేచింది. లోపల అడ్డంగా ఒక కర్ర కట్టారు, కోళ్లు ఎక్కి కూర్చోడానికి. పైన గడ్డి కప్పు వేశారు. బుద్రి ఆ గూటి చుట్టూ తిరిగి, చీమ దూరే సందు కూడా మిగల్చకుండా మట్టితో మెత్తేసింది.

పొద్దువాలగానే కోళ్లను లోపలికి తోలి తలుపు బిగించింది. చలి వచ్చి గూటిని తడిమి తడిమి చూశాడు. సందే దొరకలేదు. బుద్రి చప్పట్లు కొట్టింది. "ఓడిపోయావు తాతా!"

ఆయన కంచె మీద కూర్చుని కాళ్లు ఊపాడు, అంతే.

తెల్లవారి బుద్రి తలుపు తీసింది. కోళ్లన్నీ తడిసి ముద్దయ్యాయి! రెక్కలు అంటుకుపోయాయి. పుంజు తుమ్ముతోంది. కప్పు లోపలి నుంచి టప్ టప్ మని నీళ్లు కారుతున్నాయి. వానా లేదు, ఏమీ లేదు. ఈ నీళ్లెక్కడివి?

పూల వణుకుతూ ఆమె చెవి దగ్గరకొచ్చి గుసగుసలాడింది. "బుద్రమ్మా, మా ఊపిరే పైకి పోయి, దారి లేక, మళ్లీ మా మీదే వానై కురిసింది."

కంచె మీద చలి పకపకా నవ్వాడు. "తడి ఉన్నచోటికి నేను తలుపు తట్టకుండానే వస్తానమ్మా!"

బుద్రి ఏడుస్తూ కూర్చోలేదు. అంత తీరిక ఎక్కడిది? కోళ్లను ఎండలోకి తెచ్చింది. ఒక్కోదాన్ని పాత గుడ్డతో తుడిచింది. నిచ్చెన వేసుకుని గూడు పైకెక్కి, కప్పు కింద, కోళ్ల తలలకన్నా బాగా ఎత్తున, మట్టి గోడకి రంధ్రం పొడిచింది. ఎదురుగా ఇంకోటి పొడిచింది.

"నీకు పిచ్చా?" అని గాసి కింద నుంచి అరిచాడు. "చలి లోపలికొస్తాడే!"

"వాటి తలల మీదుగా వచ్చి, వాటి తలల మీదుగానే పోతాడు మావా! ఊపిరి బయటికి పోవాలి. గూడు పొడిగా ఉండాలి!"

కింద తడిసిన చెత్తంతా ఊడ్చేసి, చెయ్యి మునిగేంత మందంగా ఊక పోసింది. మర్నాడు పొద్దున్న భయపడుతూ భయపడుతూ తలుపు తీసింది. పొడి! కోళ్లు పొడి! ఊక పొడి! పూల కర్ర మీద నుంచి దూకి ఆమె కాళ్లకు అడ్డం పడింది. బుద్రి దాన్ని ఎత్తుకుని పెరడంతా గిరగిరా తిరిగింది.

ఇక బుద్రికి ఊపు వచ్చింది. కోళ్ల తల మీది ఎర్రటి తురాయి చలికి పగలకుండా ఆముదం రాసింది. తొట్టెలో నీళ్లు గడ్డకడితే పారబోసి, గోరువెచ్చటి నీళ్లు పోసింది. పొయ్యిలో బూడిద చల్లారాక తెచ్చి ఎండ పడే మూల కుప్ప పోస్తే, కోళ్లు అందులో పొర్లి పొర్లి పేలు దులుపుకున్నాయి. పొద్దువాలే ముందు చోళ్లూ సామలూ కలిపి గుప్పిళ్లతో చల్లేది. కడుపు నిండా తిని ఎక్కితే ఒళ్లు తెల్లవారేదాకా వెచ్చగా ఉంటుందని ఆమె ఆలోచన.

అంతా బాగానే ఉంది. కానీ పూల చిక్కిపోతోంది!

పైకి తెలీదు. ఈకలు ఉబ్బించుకుని బంతిలా కనపడేది. ఎత్తుకుంటే మాత్రం రొమ్ము ఎముక చేతికి గుచ్చుకునేది. మిగతా పెట్టలూ అంతే. పుంజు ఒక్కటే బాగుంది.

"ఏమే పూలా, తిండి చాలట్లేదా?" అని అడిగింది బుద్రి ఒక సాయంత్రం, దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని.

"చాలుతోంది బుద్రమ్మా."

"గూడు వెచ్చగా లేదా?"

"ఉంది."

"మరేమిటే?"

పూల ఈకలు సర్దుకుంది. తర్వాత మెల్లగా అడిగింది. "పొద్దున్నే నా గుడ్డు తీసి చెంపకి ఆనించుకుంటావు కదా. ఎందుకు?"

"వెచ్చగా ఉంటుంది కదే! ఈ చలిలో ఎంత హాయిగా ఉంటుందో!"

"ఆ వెచ్చదనం ఎక్కడిదనుకున్నావు?"

బుద్రి తన చెంప తడుముకుంది.

"అది నాదే" అంది పూల. "ఎండాకాలంలో నాకు బోలెడు వేడి. గుడ్డుకి ఇచ్చినా ఇంకా మిగిలేది. ఇప్పుడు నా దగ్గరున్నది ఒక్కరికే సరిపోతుంది. గుడ్డుకిస్తే నాకుండదు. నాకుంచుకుంటే గుడ్డు లేదు. రోజూ గుడ్డుకే ఇస్తున్నాను."

అదీ సంగతి! కోళ్లు చలి దాటకపోవడానికి కారణం అదే! ఇన్నేళ్లుగా ఎవరూ అడగలేదు, ఏ కోడీ చెప్పలేదు.

బుద్రి చెంపలు మండిపోయాయి. రోజూ పొద్దున్నే తను చలి కాచుకున్నది పూల ప్రాణంతో అన్నమాట!

"పెట్టకే! రేపటి నుంచి పెట్టకు!"

"పెట్టకపోతే నాకు దాణా ఎందుకు వేస్తావు?"

"నీకు ఆకలేస్తుంది కాబట్టి వేస్తాను."

పూల తల పక్కకు వంచి ఒక కంటితో ఆమెను చూసింది. తర్వాత రెండో కంటితో చూసింది. "గుడ్డు లేకపోయినా?"

"లేకపోయినా."

"కత్తి తియ్యవు కదా?"

"తియ్యను. మాటిస్తున్నాను."

"మరి మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి? చలి పోయిందని నాకెలా తెలుస్తుంది? ఆయన పోయినట్టే పోయి మళ్లీ వస్తాడు."

నిజమే! బుద్రి చుట్టూ చూసింది. పడమటి కొండ మీద సూరీడు గబగబా దిగిపోతున్నాడు.

"సూరీడూ! ఆగు, ఆగు!" అని కేకేసింది.

"ఆగలేనమ్మా!" అన్నాడు ఆయన, ఒక కాలు ఇప్పటికే కొండ వెనక పెట్టి. "ఈ కాలంలో నేను దక్షిణపు దారిన పోవాలి. మీ ఊళ్లో ఎక్కువసేపు ఉండటానికి కుదరదు!"

"ఒక్క మాట చెప్పి పో! పూల మళ్లీ గుడ్డు ఎప్పుడు పెట్టాలి?"

"ఓ, అదా! నేను మీ పెరట్లో ఎక్కువసేపు కూర్చోవడం మొదలుపెట్టాక! నా వెలుగునే చూసుకోమను. చలి మోసం చేస్తాడేమో గానీ నేను చెయ్యను!" అంటూ ఆయన జారిపోయాడు.

మర్నాటి నుంచి బుద్రి కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయి.

గాసి అంబలి ముంత ముందు పెట్టుకుని కూర్చున్నాడు. "గుడ్డేదే?"

"లేదు మావా."

"రేపు?"

"రేపూ లేదు. పొద్దు సాగేదాకా లేదు." బుద్రి జరిగిందంతా చెప్పింది.

గాసి మొహం వేలాడేసుకున్నాడు. గొణిగాడు. అంబలి వట్టిదే తాగాడు. కానీ ఆ సాయంత్రం తనే వెళ్లి కోళ్లకు చోళ్లు చల్లి వచ్చాడు. చూశారా, మంచివాడే అని ముందే చెప్పాను!

పెట్టలు కొంచెం కొంచెంగా ఒళ్లు చేశాయి. చలి కంచె మీద నుంచి ఇదంతా చూస్తున్నాడు. ఆయన హుషారు తగ్గుతోంది.

"మనుషుల మాట ఎంతసేపు నిలుస్తుంది?" అని తనలో తను అనుకున్నాడు. "చుట్టం రానీ, చెప్తాను!"

చుట్టం వచ్చేసింది! గాసి అక్క ముక్త. అవతలి కొండ మీద ఆమె ఊరు. పెద్ద గొంతు, పెద్ద అడుగులు. ఆమె వస్తోందంటే గాసికి చిన్నప్పటి నుంచీ భయం.

"ఒరే గాసీ! చేతులు కొయ్యలైపోయాయిరా! కోడి కొయ్యి, కారంగా వండించు!" అంటూనే గుమ్మంలోకి వచ్చింది.

ఆ కొండల్లో ఆడబిడ్డ ఇంటికొస్తే కోడి కొయ్యకపోవడం పెద్ద అవమానం. గాసి మింగలేక కక్కలేక నిలబడ్డాడు.

"అదేమిట్రా అలా చూస్తావు? గూట్లో కోళ్లు కనపడుతున్నాయిగా!"

"అవి... ఇప్పుడు గుడ్లు పెట్టట్లేదక్కా."

"ఇంకేం మరి! గుడ్డు పెట్టని కోడిని కూర్చోబెట్టి మేపుతారా ఎవరైనా?"

గాసి కత్తి తీసుకుని మెల్లగా గూటి వైపు నడిచాడు. కంచె మీద చలి ముందుకు వంగాడు. పూల కర్ర మీద కదలకుండా కూర్చుంది. పారిపోలేదు. బుద్రి మొహం చూస్తోంది, అంతే.

బుద్రి వెళ్లి గూటి తలుపుకి అడ్డంగా నిలబడింది. "వద్దు మావా. మాటిచ్చాను."

"ఎవరికే మాటిచ్చావు?" అంది ముక్త.

"కోడికి, వదినా."

ముక్త నవ్విన నవ్వుకి పక్కింటి కుక్క మొరిగింది. "కోడికి మాటిచ్చిందంటరా! ఆడబిడ్డకి కూర లేదు గానీ కోడికి మాటంట!"

బుద్రి జరగలేదు. "వదినా, కోప్పడు, తిట్టు. కానీ ముందు ఒక్కసారి నీ చెయ్యి ఇటివ్వు."

బుద్రి ముక్త చెయ్యి పట్టుకుంది. కొండదారిలో నడిచొచ్చి మంచుగడ్డలా ఉంది ఆ చెయ్యి. దాన్ని తలుపులోంచి మెల్లగా పూల పొట్ట కిందికి, మెత్తటి ఈకల్లోకి దూర్చింది.

ముక్త ఏదో అనబోయి ఆగింది. వేళ్లు కదిపింది. ఇంకో చెయ్యి కూడా దూర్చింది. 

"ఇంత వేడిగా ఉందేమిటే ఇది!" అంది చివరికి. గొంతు చిన్నదైపోయింది. "మా ఇంట్లో నిన్న పొద్దున్నే ఆఖరిది పోయింది. ఎర్ర పెట్ట. నా వెనకే ఇంట్లోకొచ్చేది. ఎత్తితే రాయిలా ఉంది. ఆ ఇంట్లో ఉండలేకే ఇటొచ్చానే మరదలా."

 పూల మెల్లగా ముక్త మణికట్టు మీద ముక్కు ఆనించింది.

"ఒరే గాసీ!" అని ముక్త మళ్లీ పాత గొంతుతో అరిచింది. "ఆ కత్తి లోపల పెట్టరా! చిక్కుడు గింజలున్నాయా? అవే వండండి. కారం మాత్రం తగ్గించొద్దు!"

గాసి కత్తిని ఎంత ఆనందంగా లోపల పెట్టాడో!

ఇదంతా చూసి చలికి ఒళ్లు మండింది. మంచు దుప్పటి విసిరి భుజాన వేసుకుని కొండెక్కిపోయాడు. పారిపోయాడనుకున్నారా? లేదు! గాలిని పిలుచుకురావడానికి వెళ్లాడు.

మర్నాడు ఇంకా వెలుగు రాకముందే ఇద్దరూ కలిసి దిగారు. అబ్బో, అలాంటి చలి ఆ ఊరు ఎన్నడూ చూడలేదు! గడ్డి తెల్లబడిపోయింది. నీళ్ల కుండ ఫట్‌మని పగిలింది. గాలి నేరుగా గూటి దగ్గరకొచ్చి, గడ్డి కప్పు అంచు పట్టుకుని లాగింది. ఒకసారి. ఇంకోసారి. కప్పు పైకి లేచింది!

"బుద్రమ్మా!" అని కోళ్లన్నీ గుసగుసగా పిలిచాయి. గాలి హోరులో ఆ గుసగుస ఎవరికి వినపడుతుంది? ఎవరికీ వినపడలేదు. కానీ కప్పు టపటపా కొట్టుకునే చప్పుడుకి ముగ్గురూ ఒకేసారి లేచి పరిగెత్తుకొచ్చారు.

"తాడు! తాడు తే!" అని బుద్రి.

"రాయి పెట్టండే, రాయి!" అని ముక్త.

తాడు దొరకలేదు. రాయి మంచుకి నేలను కరుచుకుని లేవలేదు. గాలి ఇంకోసారి లాగింది. ఒక మూల గడ్డి ఎగిరిపోయింది. లోపల పూల తెల్ల మచ్చలు కనపడ్డాయి.

అప్పుడు గాసి ఏం చేశాడో తెలుసా? నిచ్చెన కూడా వేసుకోకుండా గూటి మీదికి ఎగబాకి, కప్పు మీద బోర్లా పడుకున్నాడు! రెండు చేతులూ రెండు కాళ్లూ చాపి, గడ్డిని కౌగిలించుకున్నాడు!

"లాగు, ఎంత లాగుతావో లాగు!" అని గాలితో అన్నాడు.

గాలి లాగింది. చలి వంగి అతని చెవిలో ఊదాడు. గాసి జుట్టు మీద మంచు తెల్లగా పేరుకుంది. పళ్లు టకటకా కొట్టుకున్నాయి. ఎగిరిపోయిన మూలకి బుద్రి తడిక తెచ్చి అడ్డం పెట్టింది. ముక్త తన కంబళి దాని మీద కప్పి, వీపు ఆనించి నిలబడింది. లోపల కోళ్లన్నీ కర్ర మీద ఒకదానికొకటి అంటుకుని, ఒక్క ముద్దగా కూర్చున్నాయి.

"ఏరా పిచ్చివాడా!" అన్నాడు చలి. "ఇవి నీకు ఒక్క గుడ్డయినా పెడుతున్నాయా? దేనికిరా ఈ అవస్థ?"

"గు... గుడ్లున్నా లే... లేకపోయినా మా కోళ్లు తాతా!" అన్నాడు గాసి.

ఆ మాటకి చలి ఊదడం ఆపేశాడు. గాలి అలిసిపోయి కింద కూర్చుంది. తూర్పు కొండ మీద సూరీడు తల ఎత్తాడు. ఎత్తగానే కనపడిన మొదటి దృశ్యం, కోళ్ల గూడు మీద మంచు మీసాలతో పడుకున్న గాసి! ఆయనకు నవ్వాగలేదు. నవ్వినకొద్దీ వెలుగొచ్చింది. వెలుగొచ్చినకొద్దీ మంచు కరిగింది.

గాసిని కిందికి దింపి, పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, ముంతల మీద ముంతలు వేడి అంబలి తాగించారు. వట్టి అంబలే. గుడ్డు ఊసు అతను ఎత్తనే లేదు.

ఆ తర్వాత చలి చిన్న చిన్న అల్లర్లు చేశాడు గానీ, ఇక మనసు పెట్టలేదు.

ఊళ్లోవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చూడటం మొదలుపెట్టారు. "ఏదీ, చలి దాటుతున్న కోళ్లేవీ?" అని గూట్లోకి తొంగి చూసేవాళ్లు. ముక్త అందరినీ చెయ్యి కడుక్కురమ్మని, ఒక్కొక్కరి చేతినీ పూల ఈకల కింద పెట్టించేది. "రేపు మా ఊరు వెళ్తాను" అంటూనే రోజూ ఉండిపోయింది. పైన రంధ్రం ఎందుకో, కింద ఊక ఎందుకో, గుడ్డు ఎందుకు అడగకూడదో అందరికీ ఆమే చెప్పేది, ఊరవతలికి వినపడేంత గొంతుతో.

పొద్దు సాగింది. సూరీడు ముందు కొంచెంసేపు, తర్వాత ఇంకాస్తసేపు పెరట్లో కూర్చోసాగాడు. చింతచెట్టు చిగురు వేసింది.

ఒక రోజు ఇంట్లో ఎవరూ లేరు. గాసి విస్తళ్లు కుట్టే అడ్డాకులకి అడవిలోకి పోయాడు. బుద్రీ ముక్తా దూరంగా పల్లం చేలో ఉన్నారు. ఎండ గూటి మీద పచ్చగా పడింది. పూల ఆ వెలుగును ఒక కంటితో చూసింది, రెండో కంటితో చూసింది. గడ్డి పరిచిన గంపలోకి ఎక్కి కూర్చుంది.

గుడ్డు పెట్టింది!

లేచింది. అలవాటు ప్రకారం చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోబోయింది. ఎందుకో ఆగి, వెనక్కి తిరిగి, గుడ్డు మీద ముక్కు ఆనించింది. గుడ్డు వెచ్చగా ఉంది. తర్వాత తన పొట్టలోకి ముక్కు దూర్చి చూసుకుంది.

అక్కడా వెచ్చగా ఉంది!

గుడ్డుకిచ్చినా తనకి మిగిలింది! చలి వెళ్లిపోయింది! తను దాటింది! ఇంతవరకు ఈ కొండల మీద ఏ కోడీ చూడని రెండో ఎండాకాలం తన ముందుంది!

ఈ సంగతి బుద్రికి చెప్పాలి. వెంటనే చెప్పాలి. సాయంత్రం దాకా ఎవరాగుతారు? కానీ బుద్రి పల్లంలో ఉంది. గుసగుస అక్కడిదాకా ఎలా వెళ్తుంది?

పూల గంప అంచు మీదికి ఎక్కింది. మెడ సాచింది. నోరు తెరిచింది.

"క్కొ..."

గొంతు ఎన్నడూ వాడలేదు కదా, బొంగురుగా వచ్చింది.

"క్కొ... క్కొక్..."

పుంజు తల తిప్పి చూసింది. పెట్టలు మేత ఆపేశాయి.

"క్కొక్... క్కొక్... క్కొక్కొక్కొక్కొ... క్కొటాక్!"

అమ్మో! ఎంత పెద్ద గొంతు! పెరడు దద్దరిల్లింది. ఎదుటి కొండకి తగిలి తిరిగొచ్చింది. పూల తన గొంతుకి తనే అదిరిపడి, మళ్లీ అరిచింది. "క్కొక్కొక్కొ క్కొటాక్! క్కొక్కొక్కొ క్కొటాక్!" మిగతా పెట్టలు కూడా అందుకున్నాయి. పుంజు కూడా అందుకుంది, తానే పెట్టినట్టు!

పల్లంలో బుద్రి తలెత్తింది. "వదినా, అదేమిటి?"

"ఎవరో అరుస్తున్నారే!"

"పూల! అది నా పూల!"

కొడవలి అక్కడే పడేసి బుద్రి పరిగెత్తింది. వెనకే ముక్త. అడవిలోంచి ఆకుల మోపు విసిరేసి గాసి. ఇళ్లలోంచి ఊరంతా. బుద్రి రొప్పుతూ పెరట్లోకొచ్చి, గంపలో గుడ్డు వైపు చూడనైనా చూడకుండా, పూలను ఎత్తి గుండెకి హత్తుకుంది. రొమ్ము ఎముక తగల్లేదు. చేతి నిండా ఒళ్లు, ఒంటి నిండా వేడి. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో ఎవరికీ తెలీలేదు.

ముక్త ఆ గోల విని చెవులు మూసుకుని, "అచ్చం నా గొంతేనే దీనికి!" అని మురిసిపోయింది. ఆ ఎండాకాలం పూల పొదిగిన పిల్లల్ని గంప నిండా పెట్టుకుని మరీ తన ఊరు వెళ్లింది.

ఆ పిల్లలు పెద్దవై అలాగే అరిచాయి. అవతలి కొండ కోళ్లు విన్నాయి. కింది ఊళ్ల కోళ్లు విన్నాయి. ఒకదాన్నుంచి ఒకటి నేర్చుకున్నాయి. మనుషులూ ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారు.

అప్పటినుంచే పొద్దు పొట్టిదయ్యే కాలంలో పెట్టలు తమ వేడి తామే ఉంచుకుని గుడ్లు తగ్గించేస్తాయి. కోళ్లను పెంచేవాళ్లు ఆ రోజుల్లో గుడ్డు అడక్కుండా దాణా చల్లుతారు. పొద్దు సాగాక అవి మళ్లీ పెడతాయి. పెట్టిన ప్రతిసారీ గంప దిగి, మెడ సాచి, "గుడ్డూ వెచ్చగా ఉంది! నేనూ వెచ్చగా ఉన్నాను!" అని ఊరంతా వినపడేలా అరుస్తాయి.